సర్వరుకూ బ్రౌజరుకూ మధ్య పొరపొచ్చాలు

పరీక్ష ఫీజు కట్టడం, హాల్‌టిక్కెట్టు తీసికోవడం, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టుకోవడం - ఒకప్పుడు కచేరీల ముందు బారులు తీరి చేసికొన్న ఈ పనులు ఈనాడు ఇంటర్నెట్టు మీద జరుగుతున్నాయి. ఈ పనులలో అప్పుడప్పుడు ఒక వింత ఎదురవుతూ ఉంటుంది. చిరునామా ఒకటే, పేరు ఒకటే, పాస్‌వర్డు ఒకటే. అయినా ఒక బ్రౌజరులో పని సాఫీగా సాగిపోతుంది, మరొక బ్రౌజరులో మొండికేస్తుంది. “ఆ బ్రౌజరు మంచిది కాదు, ఇది వాడి చూడండి” అని ప్రక్కనున్నవారు సలహా చెబుతారు. గడువు తీరిపోయే రోజున ఆ సలహా ఆదుకోవచ్చు. కాని అది రోగం ఏమిటో తెలియకుండా ఇచ్చిన మందు వంటిది. రెండవ బ్రౌజరు దొరకని విద్యార్థి దరఖాస్తు పెట్టుకోలేక మిగిలిపోతాడు. దోషం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

ఇటువంటి చిక్కులలో చాలా వాటికి కారణం తెర మీద కనిపించే పుటలో ఉండదు. ఆ పుటతోపాటు సర్వరు పంపించే కొన్ని చిన్న వాక్యాలలో ఉంటుంది. వాటిని హెడర్లు అంటారు. అవి ఏమిటో, ఒకే హెడరును రెండు బ్రౌజర్లు రెండు విధాలుగా ఎందుకు అర్థం చేసికొంటాయో, అటువంటప్పుడు తప్పు ఎక్కడున్నదో ఎలా పట్టుకోవాలో ఈ వ్యాసంలో తెలిసికొందాం.

హెడరు అంటే ఏమిటి?

మన చేతిలోని ఫోనుగాని కంప్యూటరుగాని సమాచారం కావాలని అడిగే యంత్రం. ఎక్కడో ఉండి సమాధానం ఇచ్చే యంత్రం సర్వరు. అడిగేవారి తరఫున మాట్లాడే ప్రోగ్రామే బ్రౌజరు. వీరిద్దరూ మాట్లాడుకొనే పద్ధతికి హెచ్.టి.టి.పి. అని పేరు. 1991లో ఈ పద్ధతి మొదటిసారి వాడుకలోకి వచ్చినప్పుడు ప్రశ్న ఒక్క పంక్తిలోనే ముగిసేది. హెడర్లు అనేవే లేవు. 1996 మే నెలలో ఆర్.ఎఫ్.సి. 1945 అనే పత్రంలో ఈ పద్ధతి 1.0 రూపాన్ని వివరించేనాటికి హెడర్లు అందులో భాగమైపోయాయి. వాటి సాధారణ నియమాలను 2022 జూన్‌లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 9110 తిరిగి క్రోడీకరించింది.

రైలు బంగీ మీద అంటించే చీటీని తలచుకోండి. లోపల ఏ సరుకున్నదీ, ఎవరికి చేరవలసిందీ, “గాజు సామాను, తలక్రిందులు చేయవద్దు” అన్న హెచ్చరికా దాని మీద ఉంటాయి. చీటీ వల్ల లోపలి సరుకు మారదు. ఆ సరుకుతో హమాలీ ఎలా మెలగాలన్నది మాత్రం చీటీని బట్టి ఉంటుంది. హెడరు కూడా అంతే. ప్రతి హెడరులోనూ ముందు ఒక పేరు, తరువాత రెండు చుక్కలు, ఆపైన ఒక విలువ ఉంటాయి. “కంటెంట్-టైప్” అన్నది లోపలి వస్తువు పుటా, బొమ్మా, పట్టికా అని చెబుతుంది. “కాష్-కంట్రోల్” అన్నది దానిని దాచుకోవచ్చునా లేదా అని చెబుతుంది. “సెట్-కుకీ” అన్నది ఒక గుర్తుచీటీని బ్రౌజరుకు అప్పగించి, మళ్ళీ వచ్చినప్పుడు చూపించమంటుంది.

బ్రౌజరు కూడా తన ప్రశ్నతో హెడర్లను పంపిస్తుంది. అందులో “యూజర్-ఏజెంట్” అన్నది బ్రౌజరు తన పేరు చెప్పుకొనే హెడరు. దీని చరిత్ర తమాషాగా ఉంటుంది. 1990ల మధ్య కాలంలో నెట్‌స్కేప్ బ్రౌజరు “మొజిల్లా” అనే పేరుతో తన్ను తాను చెప్పుకొనేది. కొన్ని సర్వర్లు ఆ పేరు చూచి, కొత్త హంగులున్న పుటలను దానికి మాత్రమే ఇచ్చేవి. తరువాత వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు తానూ ఆ హంగులను చూపగలనని తెలపడానికి తన పేరును “మొజిల్లా”తోనే మొదలుపెట్టింది. ఇతరులూ అదే దారి పట్టారు. ఈనాటికీ క్రోము, సఫారీ, ఎడ్జి - అన్నీ “మొజిల్లా/5.0” అనే ప్రారంభిస్తాయి. కాబట్టి బ్రౌజరు చెప్పిన పేరును బట్టి దాని గుణాన్ని నిర్ణయించడం అంత నమ్మదగిన పద్ధతి కాదన్నమాట.

తాళం వేసిన పెట్టె

రహస్యంగా ఉండవలసిన వ్యవహారాలకు హెచ్.టి.టి.పి.ఎస్. అనే పద్ధతిని వాడతారు. సర్వరుకూ బ్రౌజరుకూ మధ్య నడిచే మాటలన్నీ ఇందులో గూఢలిపిలోకి మారి ప్రయాణం చేస్తాయి. నెట్‌స్కేప్ సంస్థ 1995లో ఎస్.ఎస్.ఎల్. పేరుతో దీనిని లోకానికి అందించింది. 1999లో ఇది టి.ఎల్.ఎస్. అనే పేరుతో ప్రమాణమైంది. దాని 1.3వ రూపం 2018లో వెలువడింది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. గూఢలిపిలోకి మారేది పుట ఒక్కటే కాదు. హెడర్లు కూడా మారతాయి. అంటే బంగీ మీది చీటీని కూడా పెట్టె లోపలే పెట్టి తాళం వేసినట్లు. దారిలో ఉన్నవాడికి పెట్టె ఏ సర్వరుకు పోతున్నదో తెలియవచ్చునుగాని, చీటీ మీద ఏమి వ్రాసి ఉన్నదో తెలియదు. దొంగల బారినుండి కాపాడే ఈ గుణమే తప్పు వెదికేవాడికి కొంత అడ్డుగా నిలుస్తుంది. మధ్యలో తీగెను పరీక్షించి లాభం లేదు. పెట్టెను మూసే చోట, తెరిచే చోట, అనగా సర్వరు వద్దనో బ్రౌజరు వద్దనో చూడవలసి ఉంటుంది.

మరొక చిక్కు కూడా ఉన్నది. తాళం వేసిన పెట్టె అనగానే బ్రౌజర్లు కొన్ని అదనపు కట్టుబాట్లు పాటిస్తాయి. అందువల్ల మామూలు పద్ధతిలో పనిచేసిన ప్రోగ్రాము రహస్య పద్ధతిలోకి మార్చగానే ఒక్కొక్కప్పుడు చెడిపోయినట్లు కనిపిస్తుంది. ఇందుకు రెండు నిజమైన ఉదాహరణలు చూద్దాం.

మొదటి ఉదాహరణ: దిగిరాని ఫైలు

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 8వ రూపం వరకు ఈ కష్టం చాలామందికి అనుభవమే. రహస్య పద్ధతిలో నడిచే ఒక వెబ్‌సైటులో పుటలన్నీ చక్కగా కనిపించేవి. ఒక పి.డి.ఎఫ్. ఫైలునో ఎక్సెల్ పట్టికనో దించుకోబోతే మాత్రం, ఫైలును దించడం సాధ్యం కాలేదనీ, కోరిన సైటు అందుబాటులో లేదనీ సందేశం వచ్చేది. అదే ఫైలు ఫైర్‌ఫాక్సు బ్రౌజరులో దిగేది. హెచ్.టి.టి.పి.ఎస్. బదులు మామూలు హెచ్.టి.టి.పి.తో అడిగితే ఎక్స్‌ప్లోరరులోనూ దిగేది! సర్వరు చక్కగా పనిచేస్తూనే ఉండేది.

కారణం ఒక హెడరు. రహస్య సమాచారం బ్రౌజరు కాష్‌లో, అనగా బ్రౌజరు తన సౌకర్యం కొరకు ప్రతులను దాచుకొనే చోట, మిగిలిపోకూడదని ప్రోగ్రాము వ్రాసినవారు ప్రతి సమాధానానికీ “ప్రాగ్మా: నో-కాష్” అనే హెడరును తగిలించేవారు. వారి ఉద్దేశం మంచిదే. కాని ఎక్స్‌ప్లోరరు ఫైలును దించే విధానం వేరు. ముందు ఆ ఫైలును డిస్కు మీద తాత్కాలికమైన ఒక చోట ఉంచి, తరువాత “ఫైలు ఫలానా చోట ఉన్నది, తీసికో” అని ఎక్సెల్‌కో మరొక ప్రోగ్రాముకో చెప్పేది. “డిస్కు మీద దాచవద్దు” అన్న ఆజ్ఞను అక్షరాలా పాటించి అది ఫైలును అక్కడ ఉంచేది కాదు. చెప్పిన చోటికి వెళ్ళిన ప్రోగ్రాముకు ఖాళీ గది కనిపించేది.

మరి మామూలు పద్ధతిలో ఎందుకు దిగేది? “ప్రాగ్మా: నో-కాష్” అన్నది బ్రౌజరు తన ప్రశ్నలో పంపడానికి ఉద్దేశించిన పాత హెడరు. సర్వరు ఇచ్చే సమాధానంలో దానికి ఏ అర్థమో ప్రమాణాలు నిర్ణయించలేదు. నియమం లేనిచోట ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకొన్నారు. రహస్య సంబంధంలో వచ్చినప్పుడు “అసలు దాచవద్దు” అనీ, మామూలు సంబంధంలో వచ్చినప్పుడు “దాచినా వెంటనే గడువు తీరినట్లు భావించు” అనీ ఎక్స్‌ప్లోరరు అర్థం చేసికొన్నది. రెండవ అర్థంలో ఫైలు డిస్కు మీదికి చేరుతుంది కనుక పని జరిగేది.

“కాష్-కంట్రోల్” హెడరులోని మాటలలో కూడా ఇటువంటి తికమక ఉన్నది. “నో-కాష్” అంటే దాచవద్దని అర్థమని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. “దాచుకోవచ్చు, కాని మళ్ళీ వాడేముందు నన్నడుగు” అని దాని అర్థం. దాచవద్దని చెప్పే మాట “నో-స్టోర్”. పేరు చూచి అర్థం ఊహించక, నియమం చూచి అర్థం తెలిసికోవాలనడానికి ఇది మంచి నిదర్శనం.

దీనికి ఆనాడు జరిగిన చికిత్సలు రకరకాలు. కొందరు గూఢలిపినే తీసివేసి మామూలు పద్ధతిలో ఫైలును పంపించారు. ఫైలు దిగింది, కాని దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. కొందరు సైటు మొత్తం మీద నిషేధపు హెడర్లను తొలగించారు. అప్పుడు అందరి మార్కులూ బ్యాంకు వివరాలూ నెట్ సెంటరు కంప్యూటరులో మిగిలిపోయే ప్రమాదం ఏర్పడింది. సరియైన చికిత్స మరొకటి: ఫైలును పంపించే ఆ ఒక్క సమాధానానికి మాత్రమే నిషేధాన్ని తీసివేసి, దాని స్థానంలో “ఇది ఒక్కరికే చెందింది, కొద్ది సెకండ్లే తాజాగా ఉంటుంది” అని చెప్పే హెడరును పెట్టడం. ఇక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. గడువు తీరడమంటే చెరిగిపోవడం కాదు. గడువు తీరిన ప్రతి డిస్కు మీద ఇంకా ఉండవచ్చు. కాబట్టి ఫైలులో ఏమున్నదో ఆలోచించి నిర్ణయించాలి. ఖాళీ దరఖాస్తు ఫారానికి చెల్లిన పద్ధతి ఒక వ్యక్తి సొంత వివరాలున్న పత్రానికి చెల్లకపోవచ్చు.

2011 మార్చిలో వచ్చిన ఎక్స్‌ప్లోరరు 9 ఈ లోపాన్ని సరిదిద్దింది. విండోస్ 10లోని చాలా రూపాలలో ఎక్స్‌ప్లోరరు 11కు 2022 జూన్‌లో మద్దతు ముగిసింది. ఆ బ్రౌజరు పోయినా పాఠం పోలేదు.

రెండవ ఉదాహరణ: సొమ్ము చేరింది, రసీదు రాలేదు

ఒక విద్యార్థి కళాశాల సైటులో ప్రవేశించాడు. సర్వరు అతనికి ఒక కుకీ ఇచ్చింది. “నేను ఫలానా” అని ప్రతిసారీ చెప్పుకోనక్కరలేకుండా బ్రౌజరు ఆ కుకీని చూపిస్తూ ఉంటుంది. ఫీజు కట్టడానికి అతడు బ్యాంకు సైటుకు వెళ్ళాడు. సొమ్ము చెల్లించాక బ్యాంకు పుట ఒక ఫారం రూపంలో వివరాలనిచ్చి అతనిని కళాశాల సైటుకు తిరిగి పంపింది. కాని అక్కడ రసీదుకు బదులు మళ్ళీ పేరూ పాస్‌వర్డూ అడిగే పుట ప్రత్యక్షమైంది. ఖాతాలో సొమ్ము తగ్గింది. కళాశాల సైటు మాత్రం అతనిని పరాయివాడుగా చూచింది.

2020లో ఇటువంటి చిక్కు అనేక సైట్లలో తలెత్తింది. దీని వెనుక ఒక మంచి ఉద్దేశం ఉన్నది. పూర్వం ఏ సైటునుండి వచ్చిన ప్రశ్నకైనా బ్రౌజరు కుకీని జతచేసి పంపేది. దుర్మార్గుడొకడు తన సైటులో దొంగ ఫారం పెట్టి, మనకు తెలియకుండా మన బ్రౌజరు చేత మన బ్యాంకుకు ప్రశ్న పంపించగలిగేవాడు. దీనిని అరికట్టడానికి “సెట్-కుకీ” హెడరులో “సేమ్-సైట్” అనే లక్షణాన్ని ప్రవేశపెట్టారు. దానికి “స్ట్రిక్ట్” అని విలువ ఇస్తే పరాయి సైటునుండి వచ్చినప్పుడు కుకీ అసలు పోదు. “లాక్స్” అని ఇస్తే, లింకు నొక్కి వచ్చినప్పుడు పోతుందిగాని, పరాయి సైటు ఫారాన్ని “పోస్ట్” పద్ధతిలో పంపినప్పుడు పోదు. “నన్” అని ఇస్తే అన్ని వేళలా పోతుంది.

ఏ విలువా చెప్పని కుకీని “లాక్స్”గా భావించాలనీ, “నన్” అనేవారు కుకీని రహస్య సంబంధంలోనే పంపాలని చెప్పే “సెక్యూర్” అన్న మాటను కూడా చేర్చాలనీ 2020 ఫిబ్రవరిలో క్రోము 80 నుండి అమలు ప్రారంభించారు. పాత ప్రోగ్రాములు ఏ విలువా చెప్పి ఉండలేదు. అందువల్ల బ్యాంకునుండి తిరిగి వచ్చే ఫారంతో కుకీ రాలేదు. అదే సమయంలో కోవిడ్ వ్యాప్తి మొదలు కావడంతో, అవసరమైన సేవలకు అంతరాయం కలగకూడదని ఏప్రిల్‌లో ఈ మార్పును తాత్కాలికంగా వెనక్కు తీసికొని, జూలైలో మళ్ళీ ప్రారంభించారు. ఒక హెడరులోని ఒక మాటకు ఎంత బలం ఉన్నదో దీనివల్ల తెలుస్తుంది.

ఇందులో మరొక విచిత్రం ఉన్నది. పాత ప్రోగ్రాములకు కొంత వెసులుబాటుగా, ఇచ్చి 2 నిమిషాలు దాటని కుకీని మాత్రం అటువంటి ఫారంతో కూడా పంపేటట్లు క్రోములో ఏర్పాటు చేశారు. కాబట్టి చకచకా సొమ్ము కట్టినవారికి రసీదు వచ్చేది. బ్యాంకు పంపిన సంఖ్య కొరకు వేచి ఉండి ఆలస్యమైనవారికి వచ్చేది కాదు. ఈ సంగతి తెలియనివారికి తప్పు తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చి పోతున్నట్లు తోస్తుంది. నిజానికి అది గడియారం ప్రకారమే నడుస్తున్నది.

సరే, “నన్”, “సెక్యూర్” అన్న మాటలు చేర్చితే చాలుననుకొన్నవారికి ఇంకొక అడ్డంకి ఎదురైంది. ఐ.ఓ.ఎస్. 12లోను, మ్యాక్ ఓ.ఎస్. 10.14లోను ఉన్న సఫారీ బ్రౌజరుకు “నన్” అన్న విలువ తెలియదు. తెలియని విలువను అది “స్ట్రిక్ట్”గా భావించేది. క్రోము 51 నుండి 66 వరకు ఉన్న రూపాలు అటువంటి కుకీని పూర్తిగా పారవేసేవి. కొత్త క్రోము మాత్రం ఆ మాట తప్పనిసరిగా ఉండాలనేది. ఒకే మాటకు ముగ్గురు మూడు అర్థాలు చెప్పినట్లయింది.

కొందరు యూజర్-ఏజెంట్ చూచి ఒక్కొక్క బ్రౌజరుకు ఒక్కొక్క విధంగా హెడరు పంపారు. పేరు ఎంతవరకు నమ్మదగిందో ముందే చెప్పుకొన్నాం. అంతకంటె మేలైనది రెండు కుకీలను ఇవ్వడం: ఒకదానిలో “నన్” ఉంటుంది, రెండవదానిలో ఆ లక్షణమే ఉండదు. తిరిగి ఏది వస్తే దానిని సర్వరు అంగీకరిస్తుంది. సొమ్ము చేరిన సంగతిని బ్రౌజరు ద్వారా కాక బ్యాంకు సర్వరునుండి నేరుగా ధ్రువపరచుకోవడం ఇంకా క్షేమం. అప్పుడు విద్యార్థి తిరిగి వచ్చే దారిలో కుకీ పోయినా అతని ఫీజు లెక్కలో పడుతుంది. సైటులోని కుకీలన్నింటికీ “నన్” తగిలించడం మాత్రం తగదు. దొంగ ఫారాలకు మూసిన తలుపును మన చేతులతో మనమే తెరిచినట్లవుతుంది.

తప్పును పట్టుకొనే పద్ధతి

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మనం పాటించే నియమమే ఇక్కడ కూడా: ఒక్కసారి ఒక్క అంశాన్నే మార్చాలి, ఫలితాన్ని వ్రాసికోవాలి.

మొదట, లక్షణాన్ని స్పష్టంగా చెప్పుకోవాలి. “పనిచేయడం లేదు” అంటే చాలదు. ఏ బ్రౌజరు, ఎన్నవ రూపం, ఏ పుట, ఏ బొత్తాము నొక్కినప్పుడు, ఏ సందేశం వచ్చింది అన్నవి వ్రాసికోవాలి.

రెండవది, భేదం బ్రౌజరు జాతిలో ఉన్నదా, దాని జ్ఞాపకంలో ఉన్నదా అన్నది తేల్చుకోవాలి. ఉదాహరణకు, 2012 నవంబరులో ఆర్.ఎఫ్.సి. 6797 ద్వారా ప్రమాణమైన ఒక హెడరు “ఇకమీదట నన్ను రహస్య పద్ధతిలోనే పలకరించు” అని బ్రౌజరుకు చెబుతుంది. దానిలో 31536000 అనే సంఖ్య తరచుగా కనిపిస్తుంది. దీనిని 60తో, మళ్ళీ 60తో, ఆపైన 24తో భాగిస్తే 365 వస్తుంది. అంటే సంవత్సరంపాటు గుర్తుంచుకొమ్మని ఆజ్ఞ. ఇంతకుముందు ఆ సైటును చూచిన బ్రౌజరు మామూలు పద్ధతిలో వెళ్ళడానికి నిరాకరిస్తుంది; చూడనిది వెళుతుంది. ఇది జాతి భేదం కాదు, జ్ఞాపక భేదం. అదే బ్రౌజరులో పాత కుకీలు, కాష్ లేని కొత్త ప్రొఫైలు తెరిచి ప్రయత్నిస్తే సంగతి బయటపడుతుంది.

మూడవది, హెడర్లను కళ్ళతో చూడాలి. కంప్యూటరు బ్రౌజర్లలో చాలా వాటిలో ఎఫ్ 12 మీట నొక్కితే పరిశీలన సాధనాలు తెరుచుకొంటాయి. అందులో “నెట్‌వర్క్” అన్న విభాగంలో ప్రతి ప్రశ్నా, దాని సమాధానమూ, రెండింటి హెడర్లూ వరుసగా కనిపిస్తాయి. ఇది పెట్టె తెరిచిన తరువాత చూడడం కనుక గూఢలిపి అడ్డు రాదు. పనిచేసే బ్రౌజరులోని హెడర్లను, పనిచేయని దానిలోని హెడర్లను రెండు నిలువు వరుసలలో వ్రాసి పోల్చాలి.

నాలుగవది, దోషం ఎవరి వైపున్నదో నిర్ణయించాలి. దీనికి “కర్ల్” అనే ప్రోగ్రాము ఉపయోగపడుతుంది. అది ఏ పేరు చెప్పమంటే ఆ పేరుతో సర్వరును అడిగి, వచ్చిన హెడర్లను ఉన్నవున్నట్లు చూపిస్తుంది. తక్కిన అంశాలన్నీ అలాగే ఉంచి పేరు మార్చినప్పుడు హెడర్లు మారితే, సర్వరు మనిషినిబట్టి మాట మారుస్తున్నదన్నమాట. మారకపోతే, ఒకే మాటను బ్రౌజర్లు వేరువేరుగా అర్థం చేసికొంటున్నాయేమో చూడాలి. సర్వరు పంపినదానికీ బ్రౌజరుకు అందినదానికీ తేడా ఉంటే, మధ్యలో తాళం తెరిచి మళ్ళీ వేసే యంత్రమో, కంప్యూటరులోని వైరస్ నిరోధక ప్రోగ్రామో హెడరును మారుస్తున్నదని అనుమానించాలి.

అయిదవది, ఒక హెడరును మార్చి, మిగిలిన వాటిని కదపకుండా, మళ్ళీ అన్ని బ్రౌజర్లలోనూ పరీక్షించాలి. ఒకచోట రోగం కుదిర్చిన మందు మరొకచోట రోగం తేవచ్చునని “నన్” కథ చెప్పనే చెప్పింది.

ఒక హెచ్చరిక. ఎఫ్ 12తో కనిపించే హెడర్లలో మన కుకీ కూడా ఉంటుంది. అది ఇంటి తాళంచెవి వంటిది. సహాయం కోరుతూ ఆ చిత్రాన్నో, మొత్తం పట్టికనో ఇతరులకు పంపించేముందు కుకీ విలువను చెరిపివేయాలి. లేకపోతే అది దొరికినవాడు పాస్‌వర్డు తెలియకుండానే మన పేరుతో ప్రవేశించవచ్చు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభంగా చూపించవచ్చు. ఎవరూ ప్రవేశించనక్కరలేని ఒక బహిరంగ సైటును రెండు బ్రౌజర్లలో తెరిచి, మొదటి సమాధానంలోని హెడర్లను విద్యార్థుల చేత వ్రాయించండి. ఏవి ఒకటిగా ఉన్నాయి, ఏవి వేరుగా ఉన్నాయి, వేరుగా ఉన్నవాటికి కారణమేమిటి అని అడగండి. సెకండ్లలో ఇచ్చిన సంఖ్యలను రోజులలోకి మార్చమనండి. రెండు బ్రౌజర్ల మధ్య ఒక్క హెడరులో తేడా కనిపెట్టి, దానికి కారణం చెప్పగలిగిన విద్యార్థి రేపు ఒక సైటు మొండికేసినప్పుడు బ్రౌజరును తిట్టి ఊరుకోడు. ఏ హెడరు ఏమి చెబుతున్నదో ముందు చూస్తాడు.